జహీరాబాద్ చేలల్లో కూర ఎవరిది?

కూరగాయల కోసం వేరే తోట, దానికో కంచె — మా జహీరాబాద్ పల్లెల్లో అది బావి ఉన్నవాళ్లకే చెల్లింది. తక్కినవాళ్లకు వానకు పండే చేనే తోట. ఎర్రనేలలో జొన్న, సాళ్ల నడుమ కంది, అనుములు, బొబ్బెర్లు, గట్టు వెంట పుంటికూర. ఇవి విత్తినవి. విత్తకుండా మొలిచేవి వీటికంటే ఎక్కువ: తుమ్మి, దొగ్గలి, పాయల, పొన్నగంటి, చెంచలి, తెల్లగర్జెల, ఎలకచెవుల కూర.

విత్తిన కాయ చేను గలాయనది, విత్తని కూర తెంపుకున్నామెది. ఎవరూ రాయని కట్టు ఇది. కలుపుకు పోయిన కూలి ఆడవాళ్లు పొద్దుగూకే వేళకు ఒడి నిండా కూరతో ఇల్లు చేరేవాళ్లు. ఇందులో పటేళ్ల దానగుణం వెతకనక్కర్లేదు. ఆయనకు కలుపు పోయింది, ఈమెకు పొయ్యి మీదికి కూర వచ్చింది. తన బావిలో చేద వేయనివ్వని ఆసామి కూడా తన చేలో దళిత ఆడబిడ్డ కూర తెంపుతుంటే ఏమీ అనేవాడు కాదు. ఊళ్లో అంటు పట్టని హక్కు బహుశా ఇదొక్కటే. అందులోనూ ఎవరు ఏది కోయాలో, ఎంత లేతగా ఉన్నప్పుడు కోయాలో తెలిసింది ఆడవాళ్లకే. గునుగునే చూడండి. లేతప్పుడు గిల్లితే కూర. గిల్లకుండా వదిలింది పెత్తరమాసకు తెల్లగా పూసి బతుకమ్మలోకి చేరుతుంది. తుమ్మికూర అయితే వినాయక చవితి నాడు తినాల్సిందే.

1983లో మా పక్కనే పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ పని మొదలుపెట్టింది. ఊరూరా దళిత మహిళల సంఘాలు ఏర్పడ్డాయి. రాళ్లు తేలి పడావు పడ్డ భూములను బాగుచేసుకున్నారు. కొన్ని ఊళ్లలో పది మంది కలిసి కౌలుకు పట్టి, కలిసి విత్తి, వచ్చింది పంచుకున్నారు. బయటివాళ్లు చిరుధాన్యాల గురించే రాస్తారు. నన్నడిగితే, ఆ కలగలుపు చేలు నిలబడటం వల్లనే కూరా నిలిచింది. ఒక్క చేలో అన్ని రకాలు కలిపి వేసేవాళ్లు మందు కొట్టలేరు. మందు కొట్టని చోట తుమ్మి తానే మొలుస్తుంది. విత్తనమూ కొనేది కాదు. పేడతో అలికిన బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి దాచుకుంటారు. లేనామె ఉన్నామె దగ్గర తీసుకుని, పంట వచ్చాక ఎక్కువ కలిపి తిరిగి కొలుస్తుంది. సంక్రాంతి నుంచి దాదాపు నెల రోజులు ఊరూరా తిరిగే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద ఊరేగేవి ఈ విత్తనాలే. మాచునూరులో 2008 అక్టోబర్ 15న మొదలైన సంఘం రేడియో నడిపిందీ ఈ ఆడవాళ్లే.

సంఘం భూములు దాటితే సంగతి వేరు. చెరకు, పత్తి, సోయా పెరిగాయి. కలుపు కూలీ బదులు గడ్డిమందు వచ్చింది. మందు కొట్టిన చేలో కూర మొలవదు, మొలిచినా తినలేం. కూలీ పోయింది సరే, దానితోపాటు ఒడిలోకి వచ్చే కూర కూడా పోయిందని లెక్క వేసినవాళ్లు లేరు.

ఇప్పుడు న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి (నిమ్జ్) కోసం వేల ఎకరాల సేకరణ నడుస్తోంది. పరిహారానికి భూమి కొలుస్తారు, చెట్లు, బావులు లెక్కపెడతారు. భూమి రికార్డైన పహాణీలో పట్టాదారు పేరు రాసేవాళ్లు, వేసిన పంట పేరు రాసేవాళ్లు. ఆ చేలో తరతరాలుగా కూర తెంపుకున్న ఆడవాళ్లకు మాత్రం ఏ కాలమ్ లేదు.