జానోమెలిన్–ట్రోస్పియం

స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్యాప్సూల్. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 సెప్టెంబరులో ఆమోదించింది. మార్కెట్ పేరు కోబెన్ఫీ. 1950లలో వచ్చిన క్లోర్‌ప్రోమజైన్ మొదలు ఈ జబ్బుకు వాడిన మందులు దాదాపు అన్నీ ప్రధానంగా మెదడులోని డోపమిన్ గ్రాహకాల మీద పనిచేసేవి. ఇది నేరుగా వాటి జోలికి పోదు. మస్కరినిక్ అనే వేరే రకం గ్రాహకాల్లో ఎం1, ఎం4లను ప్రేరేపిస్తుంది.

1990లలో ఎలై లిల్లీ కంపెనీ ఈ క్యాప్సూల్‌లోని జానోమెలిన్‌ను అల్జీమర్స్ రోగుల మీద పరీక్షించింది. జ్ఞాపకశక్తి సంగతి అటుంచితే, లేనివి కనబడటం, వినబడటం, అనుమానాలు తగ్గాయి. కానీ వాంతులు, కడుపు బాధలు తట్టుకోలేక చాలామంది మానేశారు, మందు అటకెక్కింది. తర్వాత కరూనా థెరప్యూటిక్స్ దానికి ట్రోస్పియంను జోడించింది. మూత్రం ఆపుకోలేనివారికి వాడే ఈ పాత మందు మస్కరినిక్ గ్రాహకాలను అడ్డుకుంటుంది, కానీ రక్తం నుంచి మెదడులోకి దాదాపుగా చేరదు. అందుకే పొట్టలో జానోమెలిన్ చేసే అల్లరిని అడ్డుకుంటుంది గాని, తలలో చేసే మేలును చెడగొట్టదు. ఇంత తేలికైన ఉపాయం తట్టడానికి అన్నేళ్లు పట్టడమే వింత.

రోజుకు రెండుసార్లు, తిండికి గంట ముందో రెండు గంటల తర్వాతో వేసుకోవాలి. పాత మందులతో పోలిస్తే ఒళ్లు పెరగడం, కండరాలు బిగుసుకోవడం తక్కువ. వికారం, మలబద్ధకం మాత్రం ఉన్నాయి. కాలేయం దెబ్బతిన్నవారికి ఇవ్వరు. ఆమోదానికి ఆధారమైన ప్రధాన పరీక్షలు ఐదు వారాలవి. ఏళ్ల తరబడి సాగే జబ్బుకు అది చిన్న గడువే. పాత మందుకు తోడుగా ఇచ్చి చూసిన పరీక్ష 2025లో ఆశించిన ఫలితం చూపలేదు. ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పే రక్తపరీక్ష లేదు. జబ్బును గుర్తించడం కూడా ఇప్పటికీ డాక్టరు రోగితో, ఇంట్లోవాళ్లతో మాట్లాడే చేస్తారు.