ఉద్దానం తీరపు ఇసుక, నౌపడ ఉప్పు: సీసం లేని పీజో సిరామిక్‌లలో డోపింగ్‌పై ఒక పరిశీలన

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం తీరపు ఇసుకలో ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, గార్నెట్, సిల్లిమనైట్, వాటితోపాటు కొద్దిగా మోనజైట్ ఉన్నాయి. మొదటి రెండూ టైటానియం ఖనిజాలు. మోనజైట్‌లో లాంథనం, సీరియం, నియోడిమియం దొరుకుతాయి. వజ్రపుకొత్తూరుకు దగ్గర్లోని నౌపడ ఉప్పుమడుల్లో సోడియానికి కొదవ లేదు. బేరియానికి మంగంపేట ముగ్గురాయి ఉంది. సీసం లేని పీజో సిరామిక్‌లలో ముఖ్యమైన బేరియం టైటనేట్, బిస్మత్ సోడియం టైటనేట్ (బిఎన్‌టి) రెంటికీ, ఒక్క బిస్మత్ తప్ప, లోహాలన్నీ మన రాష్ట్రంలోనే ఉన్నాయన్నమాట. బిస్మత్ చాలావరకు సీసం శుద్ధిలో ఉపఉత్పత్తిగా వస్తుంది. సీసాన్ని వదిలించుకునే పదార్థానికి సీసం పరిశ్రమే ముడిసరుకు ఇవ్వడం విచిత్రమే.

సోనార్లలో, అల్ట్రాసౌండ్ యంత్రాలలో నేటికీ ఎక్కువగా వాడుతున్నది లెడ్ జిర్కొనేట్ టైటనేట్. దాని బరువులో 60 శాతానికి పైగా లెడ్ ఆక్సైడే. ఐరోపా సమాఖ్య 2006 నుంచి ఎలక్ట్రానిక్ పరికరాలలో సీసాన్ని కట్టడి చేసినా, సాటివచ్చే ప్రత్యామ్నాయం లేక దీనికి మినహాయింపు ఇస్తూ వస్తోంది.

ఆ లోటు పూడ్చడానికి డోపింగే, అంటే కొద్ది మోతాదులో వేరే మూలకాన్ని చేర్చడమే, ప్రధాన సాధనం. టైటానియం (4+) స్థానంలో ఇనుము (3+) చేరితే, తగ్గిన ఆవేశాన్ని సరిచేయడానికి స్ఫటికంలో ఆక్సిజన్ ఖాళీలు ఏర్పడతాయి. ఇనుము, ఖాళీ జతకట్టి డొమైన్ గోడలను కదలనివ్వవు. శక్తి నష్టం తగ్గి, యాంత్రిక నాణ్యతా గుణకం పెరుగుతుంది. పీజో గుణకం డి33 మాత్రం పడిపోతుంది. నియోబియం (5+) వంటి దాత, అంటే ఎక్కువ ఆవేశమున్న అయాన్, చేరితే దీనికి విరుద్ధం. అయితే మోతాదు ముఖ్యం. బేరియం టైటనేట్‌లో మరో దాత అయిన లాంథనం 0.2 శాతం దాకా చేరితే అది అర్ధవాహకమవుతుంది. ధ్రువణపరచడానికి (పోలింగ్) కావలసిన అధిక వోల్టేజిని ఇక తట్టుకోలేదు. థర్మిస్టర్‌కు పనికొస్తుంది, పీజోకు కాదు.

బిఎన్‌టిలో చిక్కు మరింత లోతైనది. కొలిమిలో బిస్మత్ కొంత ఆవిరై, దానితో ఆక్సిజన్ కూడా పోతుంది. ఆ ఖాళీల గుండా ఆక్సిజన్ అయాన్లు ప్రవహిస్తాయని 2014లో వెలువడిన పరిశోధన స్పష్టం చేసింది. మెగ్నీషియం చేర్చితే ఈ వాహకత పెరుగుతుంది; ఇంధన ఘటాలకు అది వరం. పీజో పనికి కావలసింది నియోబియం వంటి దాత, అది లీకేజీని అణచివేస్తుంది. బిఎన్‌టికి 6 శాతం బేరియం టైటనేట్ కలిపితే డి33 సుమారు 125 పికోకూలుంబ్/న్యూటన్‌కు చేరుతుంది, కానీ ధ్రువణం చెదిరే ఉష్ణోగ్రత దాదాపు 100 డిగ్రీల సెల్సియస్‌కు దిగుతుంది.

2009లో కాల్షియం, జిర్కోనియం చేర్చిన బేరియం టైటనేట్ డి33లో 620 పికోకూలుంబ్/న్యూటన్ సాధించి సంచలనం రేపింది. దాని క్యూరీ ఉష్ణోగ్రత 93 డిగ్రీలే. నిరంతరం శబ్దం పంపే సోనార్‌లో ట్రాన్స్‌డ్యూసర్ వేడెక్కుతుంది కాబట్టి అక్కడ ఈ 620 అక్కరకు రాదు. డి33 ఒక్కటే చూపి డోపెంట్ గెలిచిందనే వ్యాసాలు ఇప్పటికే ఎక్కువయ్యాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఈ పదార్థాలపై పనిచేసే యువ పరిశోధకులు యాంత్రిక నాణ్యతా గుణకాన్ని, డైఎలక్ట్రిక్ నష్టాన్ని, ధ్రువణం చెదిరే ఉష్ణోగ్రతను కూడా అదే పట్టికలో ప్రకటించాలి.