రహస్య గోపనం

రహస్య గోపనం అంటే తనకు తెలిసిన విషయం ఇతరులకు తెలియకూడదనే సంకల్పం. మనస్తత్వవేత్త మైకేల్ స్లెపియన్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనాల ప్రకారం, ఎదుటివారి ముందు దాచే క్షణాలకన్నా, ఒంటరిగా ఉన్నప్పుడు మనసు పదేపదే ఆ రహస్యం మీదికే మళ్లడం మనిషిని ఎక్కువగా కుంగదీస్తుంది. ఈ భారాన్ని వృత్తిధర్మంగా మోసేవారిలో విలేకరులు ముఖ్యులు. హైదరాబాదు బషీర్‌బాగ్‌లోని దేశోద్ధారక భవన్ ప్రెస్‌క్లబ్బులో వేదిక మీద పలికిన మాట బహిరంగమే గాని, ‘నా పేరు రాయొద్దు’ అంటూ పక్కకు పిలిచి చెప్పిన మాట విలేకరి కడుపులోనే ఉండాలి. 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, వార్త అందించినవారి పేరు చెప్పమని కౌన్సిల్ విలేకరిని బలవంతపెట్టరాదు; ఆ రక్షణ న్యాయస్థానాలకు విస్తరించకపోవడం పెద్ద లోటు, ఎందుకంటే చెప్పినవారి ఉద్యోగం, ఒక్కోసారి ప్రాణం ఆ మౌనం మీదే ఆధారపడి ఉంటాయి.