హారర్ చదవడం మొదలుపెట్టేవారికి: ఏది ముందు, ఏది తర్వాత

ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లో, కాలేజీ కుర్రాడో ‘మంచి హారర్ పుస్తకం ఏదైనా చెప్పండి’ అని అడిగితే చాలామంది పెద్దల నోట వెంటనే వచ్చే పేరు ఒక్కటే: తులసిదళం. ఆ నవల చదివి రాత్రి లైటు ఆర్పడానికి జంకిన తరం వాళ్లది. కానీ మొదటి పుస్తకంగా దాన్ని చేతిలో పెట్టకండి. ఎందుకో కింద చెబుతాం.

నాందేడ్ జిల్లాలోని తెలుగు ఇళ్లలో దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు చూడండి. ఇంట్లో మాట తెలుగు, బడి మాత్రం మరాఠీ లేదా ఇంగ్లీషు. పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, పేజీ ముందు పెడితే అక్షరాలు కూడబలుక్కుంటారు. అలా చదివేవారికి హారర్ పనిచేయదు. భయానికి వేగం కావాలి. ‘తలుపు’ దగ్గర ఆగి, ‘గొళ్లెం’ దగ్గర ఆగి, అర్థం అడిగి తెలుసుకునేసరికి దెయ్యం చల్లారిపోతుంది. కాబట్టి తెలుగు చదవడం తడబడే పిల్లలకు మొదటి రెండు మూడు కథలు పెద్దవాళ్లే పైకి చదివి వినిపించాలి. కథ పట్టుకున్నాక మిగతాది వాళ్లే లాక్కుని చదువుతారు.

వినిపించడానికి బేతాళ కథలను మించినవి లేవు. చందమామలో రాజు భుజం మీద శవంతో, చేతిలో కత్తితో నడిచే ఆ బొమ్మ చాలామందికి ఇప్పటికీ గుర్తుంటుంది. పక్కింటి మరాఠీ వాళ్లు ఇదే పత్రికను ‘చాందోబా’ పేరుతో చదువుకున్నారు. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఈ బేతాళ కథల రాజు ఉండేది గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానపురంలో. అంటే నేటి పైఠణ్. మన ఊరి ముందు పారే నదికే ఎగువన ఉన్న ఊరు. శ్మశానం, చెట్టుకు వేలాడే శవం, అందులోంచి మాట్లాడే బేతాళుడు ఇవన్నీ మరాఠ్వాడా కథలే అన్నమాట. వీటిలో భయం చుట్టూ ఉంటుంది, మధ్యలో చిక్కుప్రశ్న ఉంటుంది. పిల్లవాడు జవాబు వెతికే పనిలో పడి భయాన్ని తట్టుకుంటాడు. (కొంకణ్‌లో వేతాళుడు ఊరి కాపలా దేవుడు. ఆరవలిలో వేతోబాకు పెద్ద గుడే ఉంది. తెలుగింటి దెయ్యం అక్కడికి వెళ్లేసరికి దేవుడు.)

కొంచెం పెద్దవాళ్లకు, పద్నాలుగు పదిహేనేళ్లు దాటినవారికి, మా మొదటి ఎంపిక రవీంద్రనాథ్ ఠాగూర్ 1895లో రాసిన ‘క్షుధిత పాషాణ్’. ఆకలిగొన్న రాళ్లు అని అర్థం. ఇందులో కథ చెప్పే మనిషి నిజాం సర్కారు ఉద్యోగి, పత్తి మీద సుంకం వసూలు చేయడానికి బరీచ్ అనే ఊరికి వస్తాడు. నది ఒడ్డున పాడుబడ్డ పాలరాతి మహల్లో దిగుతాడు. రాత్రివేళ అక్కడ ఉండొద్దని కచేరీలోని ముసలి గుమాస్తా చెప్పినా వినడు. ఠాగూర్‌కు ఈ ఊహ వచ్చింది అహ్మదాబాద్‌లోని షాహీబాగ్ మహల్లో, కుర్రతనంలో అన్నగారింట ఉన్న రోజుల్లో. అయినా నిజాం రాజ్యం, పత్తి, నది, పాత కోట అన్నాక నాందేడ్ వాడికి ఇంకేం చెప్పాలి? 1956 దాకా మనదీ హైదరాబాద్ రాష్ట్రమే కదా. ఈ కథలో రక్తం లేదు, పీక కొరికే పిశాచి లేదు. అత్తరు వాసన, గాజుల చప్పుడు, ఎవరూ లేని గదిలో నవ్వు. ఒకే కూర్చోలో అయిపోతుంది. హారర్ అంటే కేకలు పెట్టించడం కాదని మొదటిరోజే తెలిసిపోతుంది.

ఇంగ్లీషులో చదవగలవారికి డబ్ల్యూ.డబ్ల్యూ. జేకబ్స్ 1902లో రాసిన ‘ద మంకీస్ పా’ ఇవ్వండి. ఎండిపోయిన కోతి చెయ్యి, మూడు కోరికలు. దాన్ని ఇండియా నుంచి తెచ్చాననీ, ఒక ఫకీరు మంత్రించాడనీ సైనికుడు చెబుతాడు. కథ చివర తలుపు అవతల ఏముందో రచయిత చూపించడు. చూపించకపోవడమే అందులోని పనితనం. ఇది రుచించాక 1897 నాటి ‘డ్రాక్యులా’కు వెళ్లవచ్చు. కానీ మొదటి నాలుగు అధ్యాయాలు, అంటే కోటలో చిక్కుకున్న జోనథన్ హార్కర్ డైరీ చదివి, నచ్చితేనే ముందుకు సాగమనండి. ఆ తర్వాత కథ నెమ్మదిస్తుంది. అక్కడ విసిగి పుస్తకం మూసేసేవారు ఎక్కువ.

మరాఠీ మీడియం పిల్లలకు తెలుగు పిల్లలకు లేని ఒక వసతి ఉంది. నారాయణ్ ధారప్ (1925–2008), రత్నాకర్ మత్కరీ (1938–2020) ఇద్దరూ జీవితకాలం ఈ కథలు రాసినవారు. 2018లో వచ్చిన ‘తుంబాడ్’ సినిమాకు ప్రేరణ ధారప్ కథే. మత్కరీ చిన్న కథలు మామూలు ఇళ్లలో, మామూలు మనుషుల మధ్య నడుస్తాయి, అందుకే కొత్తవారికి ఆయనే తేలిక. తెలుగే చదవాలని పట్టుబట్టకుండా ఇవి చదవనివ్వండి. హారర్ రుచి మరాఠీలో తగిలితే తెలుగులో ఏముందో అని వాళ్లే అడుగుతారు.

ఇప్పుడు తులసిదళం. యండమూరి వీరేంద్రనాథ్ రాసిన ఈ నవల ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి తెలుగునాట ఊపు ఊపింది. దాని కొనసాగింపు ‘తులసి’ ఆధారంగా 1986లో ‘కాష్మోరా’ సినిమా వచ్చింది. చదివించే గుణంలో దానికి సాటి వచ్చే తెలుగు హారర్ తక్కువ, ఆ మాట ఒప్పుకోవాలి. పసిపిల్ల మీద చేతబడి జరుగుతుంది, ఒకవైపు డాక్టర్లు, మరోవైపు మంత్రగాళ్లు. పుస్తకం కింద పెట్టలేం. చిక్కు కూడా అక్కడే ఉంది.

మహల్లోని నీడలకు భయపడినవాడు పుస్తకం మూశాక మహల్‌కు భయపడతాడు. అలాంటి మహల్ అతని వీధిలో ఉండదు. చేతబడి నవల మూసినవాడు మాత్రం మనిషికి భయపడే ప్రమాదం ఉంది. ఆ మనిషి వీధి చివర ఒంటరిగా ఉండే ముసలామె కావచ్చు. మరాఠ్వాడాలో ‘భానామతి’, మెదక్, నిజామాబాద్ పల్లెల్లో ‘బాణామతి’, పేరు కాస్త మారినా నమ్మకం ఒకటే. ఆ అనుమానంతో కొట్టడం, ఊరి నుంచి వెళ్లగొట్టడం, చంపడం సరిహద్దుకు రెండువైపులా వార్తల్లో చూస్తూనే ఉన్నాం. మూఢనమ్మకాలపై పోరాడిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపాక మహారాష్ట్రలో ఆర్డినెన్స్, ఆ ఏడాది చివర్లో చట్టం వచ్చాయి. ఫలానా మనిషి చేతబడి చేస్తోందని ప్రచారం చేయడం, దెయ్యం వదిలిస్తానని కొట్టడం ఇందులో నేరాలు. ఆరు నెలల నుంచి ఏడేళ్ల దాకా జైలు, 5,000 నుంచి 50,000 రూపాయల దాకా జరిమానా. ఇలాంటి చట్టం అవసరమైన చోట చేతబడి నవలను ‘ఉత్తి కథే కదా’ అని ఇచ్చేయలేం.

దాచిపెట్టమని మా ఉద్దేశం కాదు. దాచిన పుస్తకాన్ని పిల్లలు ముందే చదువుతారు. నాలుగైదు హారర్ కథలు చదివి, రచయిత ఎక్కడ ఎలా భయపెడుతున్నాడో పసిగట్టడం వచ్చాక ఇవ్వండి. దానితోపాటు రంగనాయకమ్మ రాసిన ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ కూడా ఇవ్వండి. ఆమె కోపం అక్కడక్కడ హద్దు దాటిందనిపించినా, ఒక హారర్ నవలను ఇంత పట్టించుకుని తిట్టిన విమర్శ తెలుగులో అరుదు. రెండూ చదివిన కుర్రాడితో అరగంట మాట్లాడి చూడండి, మీకే కొత్త సంగతులు తెలుస్తాయి.

ఏది చదివినా కొందరికి రెండు మూడు రాత్రులు నిద్ర పట్టదు. తోడు పడుకోండి, లైటు వేసి ఉంచండి, వెక్కిరించకండి. పగటిపూట అదే కథ మళ్లీ చదివి, ఏ వాక్యం దగ్గర భయం మొదలైందో వాళ్లనే వేలు పెట్టి చూపించమనండి. తాయెత్తు మాత్రం కట్టించవద్దు. కట్టిస్తే పుస్తకంలో ఉన్నది నిజమేనని ఇంట్లో పెద్దలే ఒప్పుకున్నట్టు పిల్లలకు అర్థమవుతుంది.