కట్టని భవనమునకు పరీక్షకులు

పారిస్ నగరమందలి లూవ్ర్ ప్రదర్శనశాలలో తల లేని శిలావిగ్రహ మొకటి కలదు. క్రీస్తునకు పూర్వము సుమారు 2100 ప్రాంతమున సుమేరు దేశమందలి లగాష్ రాజ్యము నేలిన గుదియా అను ప్రభువు, నింగిర్సు దేవునకు తాను కట్టింపబూనిన ఆలయ ప్రాకారమును పలకపై లిఖింపజేసి, ఆ పలకను ఒడిలో నిడుకొని, చేతులు ముడిచి కూర్చున్నట్లు శిల్పి దానిని మలచినాడు. చూడబోయినవారందరును ఆ ప్లానును చూచి అబ్బురపడుదురే గాని, ఆ పలకమీదనే విభాగములతో చెక్కబడిన కొలబద్దను గమనించువారు కొలదిమంది. నాకు మాత్రము ప్లానుకంటె కొలబద్దయే ముఖ్యముగా తోచుచున్నది. ఏలయన, భవనము భూమిమీదికి రాక పూర్వమే దాని రూపము వేఱొకచోట నిలుపబడినప్పుడు, ఆ రూపము నమ్మదగినదా కాదా యని విచారించు సాధనము కూడ దాని ప్రక్కనే యుండవలెనని నాలుగు వేల ఏండ్ల క్రిందటివారు ఎఱుగుదురని ఆ కొలబద్ద సాక్ష్యమిచ్చుచున్నది.

మన శిల్పశాస్త్రములును ఈ విషయమున వెనుకబడలేదు. మయమతము నిర్మాణకర్మమున పాల్గొనువారిని స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి యని నాలుగు తెగలుగా చెప్పినది. వీరిలో సూత్రగ్రాహి స్థపతికి కుమారుడో శిష్యుడో అయి, త్రాడును దండమును చేతబట్టి, ఆయన యాజ్ఞకు లోబడి కొలతలు చూచువాడు. చెక్కువాడైన తక్షకుడును, కూర్చువాడైన వర్ధకియు అతని తరువాతనే లెక్కకు వత్తురు. కొలతను సరిచూచు పనికి ఇంతటి గౌరవస్థాన మిచ్చిన ఆ వరుసను నేటి నిర్మాణసంస్థల జీతముల పట్టికతో పోల్చి చూచినయెడల, ఎవరు వివేకవంతులో తేల్చుట కష్టము కాదు.

ఐరోపాలో కొంతకాలము కొయ్య నమూనాలు పటములకు తోడుగా నిలిచినవి. రోము నగరమున సెయింట్ పీటర్ ఆలయమునకు ఆంటోనియో ద సంగాల్లో తలపెట్టిన నమూనా 1539లో మొదలై 1546 వఱకు సాగినది. లండనులో సెయింట్ పాల్ ఆలయమునకు క్రిస్టఫర్ రెన్ 1673-74లో ఓకు కఱ్ఱతో చేయించిన మహానమూనా, మనుష్యుడు లోనికి పోయి నిలిచి చూడదగినంత పెద్దది. దానిని మతాధికారులు మెచ్చకపోగా, ఇకమీదట నమూనాలు చేయరాదని, తన పటములను నలుగురికి చూపరాదని రెన్ నిశ్చయించుకొనెనని ఆయన కుటుంబమువారు ప్రకటించిన చరిత్రలో నున్నది. పరీక్షకుల బాధ పడలేక నమూనాలను దాచు రూపశిల్పులు నేటికిని లేకపోలేదు. అయినను ఆ కొయ్య నమూనాలకు జరిగినది ముఖ్యముగా అభిరుచి పరీక్షయే. ఇందులో రాయి యెంత, కొయ్య యెంత, ఈ గొట్టము ఆ దూలమును తాకునా యని వానిని అడిగినవారు అరుదు.

పరీక్ష యొక ప్రత్యేకమైన పనిగా స్థిరపడినది నీలిప్రతుల కాలమున. 1842లో జాన్ హెర్షెల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, ఇనుపలవణములు పూసిన కాగితమును ఎండకు చూపి నీట కడిగినచో చిత్రము నీలవర్ణమున నిలుచునని కనిపెట్టగా, కొన్ని దశాబ్దములకు ఇంజనీర్లు ఆ పద్ధతిని స్వీకరించిరి. ట్రేసింగు గుడ్డమీద సిరాతో గీచిన మూలమునుండి ఎన్ని బ్లూప్రింటులైనను తీయవచ్చుననగానే ప్రతులు పెరిగినవి. ప్రతులతో పాటు ఒక్క తప్పు పదిచోట్లకు ప్రాకు మార్గమును ఏర్పడినది.

డ్రాయింగు ఆఫీసులో పరీక్షకుడు పనిచేయుట చూచినవారు దానిని మఱచుట యరుదు. గీచినవాడు గాక వేఱొకడు, సాధారణముగా ఆ గదిలో తల నెరసినవాడు, ప్రింటును బల్లపై పఱచుకొని, ఒక్కొక్క అంకెను ఒక్కొక్క గీతను చూచుచు, సరియైనదానిపై పసుపు పెన్సిలును తప్పినదానిపై ఎఱ్ఱ పెన్సిలును నడుపుచు పోవును. వరుసలోని చిన్న కొలతలనన్నిటిని కూడి చివరనున్న మొత్తముతో సరిపోవునో లేదో లెక్కకట్టును. పని ముగియునప్పటికి పసుపు గాని ఎఱుపు గాని తగులని గీత యొక్కటియు కాగితముమీద మిగులరాదు. పిమ్మట రెండు ట్రేసింగులను అద్దపు బల్లపై నొకదానిమీద నొకటి పెట్టి, క్రిందినుండి దీపము వెలిగించి, దూలము పోవుచోటనే గాలిగొట్టము పోవుచున్నదేమో చూచును. పటముయొక్క మూలను ‘గీచినవారు’, ‘సరిచూచినవారు’, ‘ఆమోదించినవారు’ అను మూడు గడులుండును. నడిమి గడిలో రెండు పొడి అక్షరములు వేయుటకు అతడు దినములు వెచ్చించును.

సరిచూచితిమను సంతకమునకు బరువెంతో 1981 జూలై 17వ తేదీన అమెరికాలోని కాన్సాస్ సిటీ నగరమున తెలిసివచ్చినది. హయత్ రీజెన్సీ హోటలు లోపల పైకప్పునుండి ఇనుపకడ్డీలతో వ్రేలాడదీసిన నడవలు రెండు కూలి 114 మంది మరణించిరి. మొదటి పటమున ఒకే పొడవైన కడ్డీ పై నడవను దాటి క్రింది నడవ వఱకు దిగెను. తయారీ సౌలభ్యముకొఱకు దానిని రెండు కడ్డీలుగా మార్చగా, క్రింది నడవ పై నడవ దూలమునుండియే వ్రేలాడవలసివచ్చి, ఆ దూలమును కడ్డీకి పట్టియుంచు నట్టుమీద బరువు రెట్టింపయ్యెను. మార్పు జరిగిన పటములపై ఇంజనీర్లు చూచినట్లు ముద్ర యున్నది. ఆ కూడలిని లెక్కకట్టి చూచినవారు మాత్రము లేరు. మొదటి పటము సైతము నగర నిబంధనలకు చాలినది కాదని విచారణలో తేలినది. బాధ్యులైన ఇంజనీర్లు తమ లైసెన్సులను కోల్పోయిరి.

ఈ దుర్ఘటనకు ఆఱేండ్లు ముందుగా, 1975లో, పిట్స్‌బర్గునందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున నున్న చార్లెస్ ఈస్ట్‌మన్, భవనరచనలో పటములకు బదులు కంప్యూటరునే ఏల వాడరాదని అమెరికా వాస్తుశిల్పుల సంఘపు పత్రికలో ఒక వ్యాసము వ్రాసియుండెను. ఒకే గోడను ప్లానులో నొకసారి, సెక్షనులో నొకసారి, ఎలివేషనులో మఱియొకసారి గీయవలసి యున్నంతకాలము, ఒకచోట మార్చి మఱియొకచోట మఱచుట మానవసహజము. అట్లుగాక భవనమునంతటిని ఒకే వర్ణనగా యంత్రమున నిలిపి, కావలసిన పటములను దానినుండియే తీసికొన్నచో పటమునకును పటమునకును వైరుధ్యమే పుట్టదు. నగరకార్యాలయమున నిబంధనల పరీక్షయు యంత్రమునకే అప్పగింపవచ్చును. ఇది ఆయన వాదసారము. నిబంధనల యంత్రపరీక్షకు పునాది అంతకుముందే పడియున్నది: 1966లో స్టీవెన్ ఫెన్వెస్ అను ఆచార్యుడు నిర్మాణ నిబంధనలను, ఇట్లున్న అట్లు చేయవలెనను నిర్ణయపట్టికలుగా కూర్చి చూపెను.

తరువాతి కథ శీఘ్రముగా సాగినది. 1982లో బుడాపెస్టు నగరమున గాబోర్ బోయార్ స్థాపించిన గ్రాఫిసాఫ్ట్ సంస్థనుండి ఆర్కికాడ్ అను నమూనా సాఫ్టువేరు వచ్చినది. 1992లో ఇద్దరు డచ్చి పరిశోధకులు తమ వ్యాసమున బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడల్ అను పేరును వాడిరి. 2000లో అమెరికాలో రెవిట్ అను అట్టి సాఫ్టువేరే వెలువడి, రెండేండ్లకు ఆటోడెస్క్ సంస్థ వశమైనది. బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడల్‌కు పొడి అక్షరములైన బిమ్ అను నామము నేడు మన ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులకు కూడ కొత్త కాదు.

ఈస్ట్‌మన్ చెప్పినది జరిగినది. ఆయన చెప్పనిది కూడ జరిగినది. పటముల నడిమి కలహము తీఱినది గాని, వ్యాధి పటమునుండి నమూనా కడుపులోనికి పోయినది. ఒక ద్వారము నుదాహరణముగా గైకొందము. పనిచేయువారెవరో దానిని పొరపాటున నకలు తీసి, సరిగా ఆ స్థానముననే మఱల పెట్టిరి. తెరమీద ద్వార మొక్కటే, పటమున నొక్కటే, పసుపు పెన్సిలు పట్టిన ముసలివా డెవడైనను దానిని మెచ్చుకొనును. కాని యంత్రము తానే కూడి యిచ్చు తలుపుల పట్టికలో అవి రెండు. ఆ పట్టికను నమ్మినవాడు రెండు తలుపులకును, రెండు జతల బందులకును ఆర్డరు పెట్టును. గోడలు రెండు మూలను కలియక ఖాళీ మిగిలినచో యంత్రము దృష్టిలో ఆ గది మూయబడలేదు. మూయబడని గదికి వైశాల్యము లేదు. వైశాల్యము లేని గదికి నేల పఱచు పలకల లెక్కయు, చల్లదనపు లెక్కయు రెండును తప్పును.

ఇంకొక రోగము మఱింత విచిత్రమైనది. సర్వేవారి నిర్దేశాంకములను యథాతథముగా తెచ్చి భవనమును నమూనాయొక్క మూలబిందువునకు బహుదూరమున నిలిపినచో, గీతలు వణకినట్లు కనబడును; రెండు ముఖములు కలియవలసినచోట కలియవు. యంత్రము ప్రతి సంఖ్యను పరిమితమైన స్థానములలోనే నిలుపుకొనును గనుక, దూరము పెరిగినకొలది చివరి సూక్ష్మస్థానములు జారిపోవుట దీనికి కారణము. రెవిట్‌లో ఈ హద్దు మూలబిందువునుండి సుమారు 10 మైళ్ళు. గీచినవాని చేయి చక్కనిదే, లెక్క చక్కనిదే. దోషము భవనము నిలిచిన చోటుదే గాని మఱొకటి కాదు. ఇట్టిదాని కారణమును కంటితో పట్టుట అసాధ్యము.

కావుననే యంత్రమును యంత్రముచేతనే పరీక్షింపజేయు విద్య పుట్టినది. 1999లో ఫిన్లాండు రాజధాని హెల్సింకిలో సోలిబ్రి అను సంస్థ ఏర్పడి, నమూనాను నియమములతో పరీక్షించు సాధనమును తెచ్చినది: స్తంభము దేనిపైనైన నిలిచియున్నదా, ప్రతి గదికి పేరున్నదా, తలుపు తెఱచుటకు ముందు చోటున్నదా, గొట్టము దూలమును చీల్చుకొని పోవుచున్నదా. ఆ చిన్న దేశమున ప్రభుత్వ భవనముల యజమానియైన సెనేట్ ప్రాపర్టీస్ 2007 అక్టోబరునుండి తన పనులకు నమూనాలను విధిగా కోరెను. 2012లో వెలువడిన జాతీయ బిమ్ నియమావళిలో నాణ్యతాపరీక్షకు ఒక సంపుటమునే కేటాయించిరి. ఫిన్లాండు ముందడుగు వేయుటకు కారణము వారి యంత్రములు గొప్పవగుట కాదు. కట్టించువాడే, ముప్పది నలువది యేండ్లు ఆ భవనమును భరింపవలసినవాడే, నమూనా ఆరోగ్యమును గూర్చి అడుగుటకు పూనుకొనుట.

సింగపూరు ప్రభుత్వము 1995లో కోరెనెట్ అను పథకము నారంభించి, క్రమముగా నమూనాలను నగర నిబంధనలతో యంత్రముచే సరిచూపించుటకు ప్రయత్నించెను. మెట్టు ఎత్తు, మార్గపు వెడల్పు వంటివానిని యంత్రము చక్కగనే చూచును. కాని ‘తగినంత’ వెలుతురు, ‘యుక్తమైన’ ప్రవేశము అని నిబంధనకారుడు వ్రాసినచోట యంత్రము నోరు మెదపదు. నిబంధనలు వ్రాసిన పెద్దలు మనుష్యుడు చదువునని తలచిరి. ఆ తలంపు దోషము కాదు.

హెచ్చరికల సంఖ్యను గూర్చి ఇచ్చట ఒక మాట చెప్పక తీఱదు. సంఘర్షణ పరీక్ష యొకటి నడిపినంతనే వేలకొలది తాకిళ్ళు తెరపై నిండును. వానిలో పెక్కు, గొట్టముపై కప్పిన మెత్తని పొర గోడను రాచుకొనుటవంటి అల్పవిషయములు. ఊరి కుక్కలన్నియు ఒక్కసారి మొఱుగుచుండ, దొంగను చూచి మొఱిగినదేదో తెలియనట్లు, అసలు ఆపదను సూచించు హెచ్చరిక ఆ గుంపున మునిగిపోవును. ఇది చాలక, వారమువారము హెచ్చరికలెన్ని, ఫైలు బరువెంత, వాడని వస్తువులెన్ని యని లెక్కించి, ఎఱుపు పసుపు పచ్చ గుర్తులతో పై అధికారులకు పంపు ఆచారమొకటి వ్యాపించినది. ఆచారము మంచిదే. కాని సంఖ్య తగ్గించుటయే పనియైననాడు, హెచ్చరిక పోవుటకై హెచ్చరించిన వస్తువునే తీసివైచువారు బయలుదేఱుదురు. పట్టిక పచ్చబడును, భవనమునకు ఒక అగ్నినిరోధక తలుపు తక్కువగును. వెయ్యి అల్పదోషములు గల నమూనాకంటె, ఒక్క ఘోరదోషము గల నమూనా రోగిష్ఠిదని చెప్పుటకు భవనము తెలిసిన మనుష్యుడే కావలెను. పసుపు పెన్సిలు పట్టిన పెద్దమనిషికి ఉద్యోగము పోలేదు. అతని స్థానమున అతనివంటివానిని నిలుపుట మనము మఱచితిమి.

ఒక సాధనమునుండి మఱియొక సాధనమునకు నమూనా పోవునపుడు కలుగు క్షయమును గూర్చియు శ్రమ జరిగినది. ఐ.ఎఫ్.సి. అను ఉమ్మడి రూపము 1997లో మొదటిసారి వెలువడి, 2013లో ఐ.ఎస్.ఒ. 16739గా అంతర్జాతీయ ప్రమాణమైనది. సమాచార నిర్వహణకు ఐ.ఎస్.ఒ. 19650, 2018లో వచ్చినది. యజమాని తనకు కావలసిన సమాచారమేదో యంత్రము చదువదగినట్లు తెలుపు ఐ.డి.ఎస్. అను పద్ధతి 2024లో ఆమోదము పొందినది. ఈ శ్రమకు ప్రేరణము సొమ్ము. సమాచారము ఒకచోటినుండి మఱియొకచోటికి సరిగా పోనందున అమెరికాలో 2002 సంవత్సరమున 1,580 కోట్ల డాలర్లు నష్టమైనవని అచ్చటి ప్రమాణసంస్థ 2004లో ప్రకటించెను. అందులో సుమారు మూడింట రెండువంతులు భవనముల యజమానులును, నిర్వాహకులును భరించినవే.

ఈ యిరువది యేండ్లలో హైదరాబాదు కార్యాలయములందు కూర్చున్న తెలుగు యువతీయువకులు, తాము కంటితో చూడని దేశములలో లేచు ఆసుపత్రులకు, విమానాశ్రయములకు నమూనాలు కట్టుచు, వాని దోషములను వెదకుచు నున్నారు. ఆ భవనముల ప్రారంభోత్సవ ఫలకములపై వారి పేర్లుండవు. దానికి నే నేమియు చేయజాలను. కాని మన ప్రభుత్వములును, ఆసుపత్రులు, కళాశాలలు కట్టించు ధర్మకర్తలును నేడు బిమ్ నమూనాలను కొనుచున్నారు గనుక, వారికొక మనవి: ఒప్పందపత్రమున నమూనా నిచ్చు గడువును మాత్రమే వ్రాసి ఊరకుండకుడు, దానిని పరీక్షించువాడెవడో, ఏ దశలో ఏ నియమములతో పరీక్షించునో వ్రాయించుకొనుడు, నమూనా చేసినవాని రుసుములో కలపక, పరీక్షకుని గంటలకు వేఱుగా సొమ్ము కేటాయింపుడు.