తరిమేసిన ఊళ్లు, దొరికిన లోయ

మన్యంలోని గొలుగొండ జమీందారీని శిస్తు బకాయిల కింద వేలం వేసి కుంఫిణీ సర్కారే కొనేసుకున్నది 1837లో. మరుసటి ఏడు, 1838 అక్టోబరు 27న, అమెరికాలో మిస్సోరీ గవర్నరు లిల్‌బర్న్ బాగ్స్ ఒక ఉత్తర్వు జారీ చేశాడు. మోర్మన్లను శత్రువులుగా చూడాలి, నిర్మూలించాలి, లేదంటే రాష్ట్రం నుంచి వెళ్లగొట్టాలి అన్నది దాని సారాంశం. ఈ రెండు సంగతులకూ ఏ సంబంధమూ లేదు. అయినా మన్యం చరిత్ర తెలిసినవారు మోర్మన్ల వలస కథ చదివితే, ఆ కథలో పక్కకు నెట్టేసిన మనుషులు ముందుగా కనిపిస్తారు.

న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే రైతుబిడ్డ 1830లో మోర్మన్ల మత సంఘాన్ని స్థాపించాడు. అదే ఏడు ‘మోర్మన్ గ్రంథం’ అచ్చయింది. మరుసటి ఏడే అనుచరులు ఒహాయోకూ మిస్సోరీకీ తరలారు. మిస్సోరీలోని ఇండిపెండెన్స్ పట్టణమే తమ సీయోను అని స్మిత్ ప్రకటించాడు. అక్కడ అప్పటికే స్థిరపడ్డవాళ్లకు దడ పుట్టింది. కొత్తగా వచ్చినవాళ్లు గుంపుగా భూములు కొంటారు, గుంపుగా ఓటేస్తారు, దేవుడు ఈ నేల మాకే ఇచ్చాడంటారు. పైగా బానిసత్వానికి వ్యతిరేకులన్న అనుమానం. మత ద్వేషం ఒక్కటే దీనికి కారణమంటే నేను ఒప్పుకోను. భూమి, ఓటు, బానిసత్వం మూడూ కలిసి ముదిరిన తగాదా అది.

1833 జులై 20న గుంపు వచ్చి మోర్మన్ల అచ్చుయంత్రాన్ని పై అంతస్తు నుంచి కిందికి తోసేసింది. అచ్చవుతున్న పుస్తకం కాగితాలు వీధిలో చెల్లాచెదురయ్యాయి. 15 ఏళ్ల మేరీ ఎలిజబెత్ రోలిన్స్, ఆమె చెల్లెలు కేరొలైన్ ఆ కాగితాలను చేతులకందినన్ని ఏరుకుని మొక్కజొన్న చేలోకి పరిగెత్తారు. తరుముకొచ్చినవాళ్లు వెతికి వెతికి వెళ్లిపోయేదాకా కాగితాల మీదే పడుకున్నారు. ఆ పుస్తకం మిగిలిన ప్రతులు ఈ రోజు చాలా అరుదు.

అయిదేళ్లకు, గవర్నరు బాగ్స్ ఉత్తర్వు వెలువడిన మూడో రోజున, హాన్స్ మిల్ అనే చిన్న మోర్మన్ పల్లె మీద దాడి జరిగింది. 17 మంది చనిపోయారు. కమ్మరి కొలిమి తిత్తి కింద దాక్కున్న పదేళ్ల పిల్లవాణ్ణి కూడా బయటికి లాగి కాల్చేశారు. ఆ చలికాలంలోనే వేలమంది ఇలినాయ్ దారి పట్టారు. మిసిసిపీ ఒడ్డున బురద నేల కొని, నీళ్లు మళ్లించి, జ్వరాలకు మనుషుల్ని పోగొట్టుకుంటూ నావూ అనే పట్టణం కట్టారు.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. 1844 జూన్‌లో సంఘం నుంచి విడిపోయినవాళ్లు ఒక పత్రిక తెచ్చారు. స్మిత్ బహుభార్యత్వాన్నీ అధికార దాహాన్నీ దుయ్యబట్టారు. ఒక్క సంచిక వచ్చిందో లేదో, స్మిత్ మేయరుగా ఉన్న నగర సభ ఆ అచ్చుయంత్రాన్ని ధ్వంసం చేయించింది. పదకొండేళ్ల కిందట తమ మీద జరిగిన పనే! ఆ కేసులోనే కార్తేజ్ జైలుకు వెళ్లిన స్మిత్‌నూ అతని అన్న హైరమ్‌నూ జూన్ 27న గుంపు కాల్చి చంపింది.

స్మిత్ చావు తరవాత, 1846 ఫిబ్రవరిలో, బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో మోర్మన్ల బండ్లు మిసిసిపీ నది దాటి పడమటి దారి పట్టాయి. ఆ దారిలో నన్ను ఆకట్టుకునేవాడు విలియం క్లేటన్ అనే లేఖకుడు. ఎంత దూరం నడిచామో అందాజాగా చెప్పడం అతనికి నచ్చలేదు. బండి చక్రానికి ఎర్ర గుడ్డ కట్టి, 360 చుట్లకు ఒక మైలు చొప్పున లెక్కపెట్టాడు. తరవాత ఆ లెక్క తీయడానికి పళ్లచక్రాల పరికరం చేయించారు. 1847 జులై 24న యంగ్ ఉప్పు సరస్సు లోయలోకి దిగాడు. 1869లో రైలు వచ్చేదాకా సుమారు 70,000 మంది అదే తోవన చేరారు. 1856లో తోపుడు బండ్లతో ఆలస్యంగా బయల్దేరిన రెండు బృందాల్లో 200 మందికి పైగా మంచులో ప్రాణాలు వదిలారు.

అయితే ఆ లోయలు ఖాళీగా లేవు. యూట్, షోషోనీ జాతులవారివి అవి. 1849లో ప్రోవో నది ఒడ్డున, టింపనోగోస్ యూట్లు తరతరాలుగా చేపలు పట్టుకునే చోట, మోర్మన్లు కోట కట్టారు. పశువుల దొంగతనాల మీద గొడవలు ముదిరి 1850 జనవరి 31న మోర్మన్ల సైనిక ఉత్తర్వు వెలువడింది. లొంగి సంధికి రాని శత్రువర్గాన్ని నిర్మూలించమని అందులో ఉంది. బాగ్స్ వాడిన మాటే, పన్నెండేళ్లకు, ఆ మాటకు బలైనవాళ్ల చేతి రాతలో! ఫిబ్రవరిలో యూట్లు పదుల సంఖ్యలో చనిపోయారు. 1861లో లింకన్ వారికోసం యూయింటా రిజర్వేషన్ ప్రకటించాడు. వారిని అక్కడికి తరలించాక, 1905లో ఆ భూమి తలుపులు కూడా బయటివారికి తెరిచారు.

మోర్మన్ బండ్లు పడమటికి కదిలిన రోజుల్లోనే, 1845-48 మధ్య, గొలుగొండ కొండల్లో చిన్న భూపతి పేరిట తిరుగుబాటు సాగింది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకు అడ్డుకట్ట వేసింది. 1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు దళం కృష్ణదేవిపేట పోలీసు ఠాణా మీద పడింది. మన్యం మనుషులకు తరలిపోవడానికి పడమటి దిక్కున లోయ ఏదీ లేదు, వాళ్లు పుట్టిన చోటే పోరాడారు. యూట్ల స్థితీ అదే. అందుకే గొలుగొండ నుంచి చూసేవారికి బండి మీద వచ్చినవాడికన్నా నది ఒడ్డున వల వేసుకున్నవాడే దగ్గరివాడు. హాన్స్ మిల్ పిల్లవాడి చావు ఇందువల్ల తేలికైపోదు. రెండు దుఃఖాలనూ ఒకే పుస్తకంలో చదవాలి.

ఆ ఉప్పు సరస్సు లోయ నుంచే 1852 ఆగస్టులో మన దేశానికి ప్రచారకుల్ని ఎంపిక చేశారు. రిచర్డ్ బాలంటైన్ 1853లో మద్రాసు చేరి కరపత్రాలు వేసినా, పట్టుమని ఏడాది తిరిగేసరికి వెనుదిరిగాడు. తెలుగువారి మధ్య ఈ సంఘం వేరూనింది 1978 తరవాతనే. సమోవాలో ఉద్యోగం చేస్తూ అందులో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు ఆ ఏడాది చివర హైదరాబాదు వచ్చి, తమ బంధువుల్లోనే 22 మందికి బాప్తిస్మం ఇప్పించారు. ‘మోర్మన్ గ్రంథం’ లోంచి ఎంపిక చేసిన భాగాలు 1982లో తెలుగులో వచ్చాయి. విశాఖలో, రాజమండ్రిలో, హైదరాబాదులో ఇప్పుడు ఈ సంఘాలున్నాయి. అక్కడి పిల్లలకు 1847 నాటి బండ్ల గురించి చెప్పేటప్పుడు, 1850 ప్రోవో నది సంగతి కూడా చెప్పాలని నా కోరిక.