పాత సీమలు, పెరిగిన వీరులు



బాల్యమున విడిచిన యూరికి చాలకాలమునకు మరల పోయినవారికి ఒక వింత అనుభవము కలుగును. నాడు మునివ్రేళ్లపై నిలిచినను అందని నూతిగట్టు నేడు నడుము మట్టమునకు వచ్చును. గట్టు తగ్గలేదు, మనము పెరిగితిమి. ఆ పెరుగుదల మనకు తెలియుటకు ఆ గట్టు నాటి యెత్తుననే నిలిచి యుండవలెను. మనతోపాటు అదియు పెరిగినచో, మనము పెరిగితిమని చెప్పుటకు సాక్ష్యమేది? ఆన్‌లైన్ ఆటల చరిత్రలో పెద్ద వివాదమునకు మూలమైనది ఈ ప్రశ్నయే.

ఈ ఆటలలో వేలకొలది జనులు ఒకే కల్పిత లోకమున ఏకకాలమందు సంచరింతురు. ఒక్కొక్కడు ఒక వీరుని సృజించుకొని, శత్రువులను గెలుచుచు, లెవెలు పిమ్మట లెవెలుగా పైకెక్కును. 2004 నవంబరు 23వ తేదీన అమెరికాలోని బ్లిజర్డ్ సంస్థ వెలువరించిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ వీనిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆరంభమున దానికి 60 లెవెళ్లు. ఒక్కొక్క సీమకు ఒక్కొక్క లెవెలు నియతమై యుండెను. ఎల్విన్ అడవిలో హాగర్ అను క్రూరజీవి యొకటి కలదు. దాని లెవెలు 11. ఒంటరిగా పోయిన క్రొత్త ఆటగాండ్రనేకులు దాని చేత కూలిరి. కొన్ని మాసములకు 60వ లెవెలు చేరి అదే యడవికి మరలివచ్చినవాడు దానిని ఒక్క వ్రేటున పడగొట్టెను. ఆ వ్రేటు వలన ధనము రాదు, కీర్తి రాదు. అయినను తాను పడిన శ్రమకు అదియే రసీదు.

అయితే కాలక్రమమున ఈ యేర్పాటునకు చిక్కు వచ్చెను. 2007లో పరిమితి 70కి, 2008లో 80కి, 2010లో 85కి, 2012లో 90కి, 2014లో 100కు, 2016లో 110కి పెరిగెను. క్రొత్తగా చేరినవారు మిత్రులను త్వరగా కలిసికొనుటకై పై లెవెళ్లకు పోవు మార్గము సులభము చేయబడెను. దాని ఫలముగా ప్రయాణికుడు ఒక సీమలోని కథ సగము ముగియకమునుపే ఆ సీమను మించి పెరుగుచుండెను. శిల్పులు ఏండ్లతరబడి తీర్చిదిద్దిన కొండలు, కోటలు, పల్లెలు పాడువడిన బాటల వలె శూన్యములయ్యెను.

ఇట్టి చిక్కునకు ఇతరులు వేర్వేరు ఉపాయములు పన్నిరి. 2004లోనే వచ్చిన ‘సిటీ ఆఫ్ హీరోస్’ అను ఆటలో చిన్నవాడు పెద్దవాని తోడుండి తాత్కాలికముగా అతని బలమునకు సమీపింపగలిగెను. 2012లో వచ్చిన ‘గిల్డ్ వార్స్ 2’ పాత సీమలో అడుగిడిన పెద్ద వీరుని బలమును ఆ సీమకు తగినట్లు తగ్గించెను. ‘ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్’ 2016 అక్టోబరులో ఎవరు ఏ దిక్కునకైన పోవుటకు వీలుగా లోకమునంతయు ఒకే తూనికకు తెచ్చెను. ఇంతకు పూర్వమే, 2006లో, ఒంటరిగా ఆడు ‘ఆబ్లివియన్’ అను ఆట ఒక హెచ్చరిక చేసి యుండెను. అందు వీరునితోపాటు లోకమును పెరిగెను. తుదకు బాటలు కొట్టు దొంగలు సయితము అమూల్యమైన కవచములు తొడిగికొని చిల్లర నాణెములకై దారికాచుట చూచి జనులు నవ్విరి.

2018 జనవరి 16వ తేదీన బ్లిజర్డ్ సంస్థ ఈ సమతూకమును తన పాత సీమలకు వర్తింపజేసెను. తొలి ఖండములలోని పెక్కు సీమలు 60 వరకును, అవుట్‌లాండ్, నార్త్‌రెండ్ సీమలు 60 నుండి 80 వరకును, ఆ తరువాతివి 80 నుండి 90 వరకును, డ్రేనార్ 90 నుండి 100 వరకును ఆటగానితో కూడ పెరుగసాగెను. శత్రువుల ప్రాణబలము కూడ హెచ్చెను. కథను తుదివరకు చదువదలచినవారు సంతోషించిరి. కాని ఇదివరకే పలుమారులు ఆ దారిని నడచినవారు మొరపెట్టిరి. రెండు మూడు దెబ్బలకు కూలవలసిన తోడేలు ఇపుడేల ఇంతసేపు నిలుచుచున్నదని వారి ప్రశ్న. వేరొక విడ్డూరమును కలదు. లెవెలు పెరిగిన క్షణమున శత్రువు బలపడును. చేతి కత్తి మాత్రము పాతదే. కావున ఎదిగినకొలది బలహీనుడైనట్లు వీరునికి తోచును. బహుమానమే దండన యయ్యెను.

ఇందెవరిది న్యాయము? శూన్యమైన సీమను మరల జనసమ్మర్దము చేయవలెనను సంస్థ కోరిక తప్పు కాదు. తొలిసారి వచ్చినవానికి చప్పని గెలుపుకంటె సరియైన పోరు మేలు. కాని పాతవాడు అడుగునది సౌఖ్యము మాత్రమే కాదు. తన గతము తన గతముగానే నిలువవలెనని అతని వాంఛ.

చరిత్రను నిదానముగా చూచినచో పరిష్కారము దానిలోనే కనబడును. ఇదే సంస్థ 2015లో ‘టైమ్‌వాకింగ్’ అను వేడుకను ప్రవేశపెట్టెను. పెద్ద వీరులు తమ బలమును తగ్గించుకొని పాత గుహలలో పోరాడిరి. ప్రతిఫలముగా నేటికి పనికివచ్చు ఆయుధములను పొందిరి. అందును సమతూకమే కలదు, కాని అది కోరినవారికి మాత్రమే. 2018 మార్పు పెద్దదళములు జయింపవలసిన పాత ‘రైడు’లను తాకలేదు. నాడు నలుబదిమంది కూడి గెలిచిన చోట నేడు ఒక్కడే నడచి, 2011 నుండి అమలులోనున్న వేషమార్పిడికై పాత కవచములు తెచ్చుకొనుట పెక్కురకు ఇష్టమైన వినోదము. 2019 ఆగస్టులో పాత ఆటను దాదాపు తొలినాటి రూపముననే ‘క్లాసిక్’ పేర మరల తెరచిరి. 2020లో 120వ లెవెలును 50కి కుదించి, క్రొత్తవాడు తనకు నచ్చిన కాలఖండమును ఎంచుకొని అందే పెరుగునట్లు చేసిరి. ఎదుగుట ముగిసిన పిమ్మట ఆ పాత సీమలు అతనితో పెరుగలేదు.

ఇవి యన్నియు బోధించు నీతి యొకటే. కష్టమును జనులు ద్వేషింపరు; ఆ తొలి క్లాసిక్ ఆట సులభమైనది కాదు. తమ యనుమతి లేక తమ గెలుపును చెరిపివేయు కష్టమునే వారు ద్వేషింతురు. నూతిగట్టును పిల్లవానికై ఎత్తు పెంచవచ్చును, తగ్గింపవచ్చును. కాని ఊరికి తిరిగివచ్చిన పెద్దవాడు చేయి యానించి నిలుచుటకు ఒక్క గట్టునైనను పూర్వపు టెత్తున ఉండనీయవలెను.